పాతరలోకి దిగిన గరిటె

ఇటు జరుగు అమ్మీ. దుప్పటి నాకూ కొంచెం ఉండనీ. అంతా నువ్వే చుట్టుకుంటే అమ్మమ్మ చలికి వణుకుతూ కథ సగంలో ఆపేస్తుంది, తర్వాత నన్ననొద్దు. ఊఁ కొడుతూ విను.

అనగా అనగా, నల్లరేగడి చేల మధ్య ఒక పల్లె. ఆ పల్లెలో ఓబులవ్వ అని ఒక ముసలామె. ఆమె కొడుకు మద్దిలేటి. కోడలు సుంకులమ్మ. వాళ్ళకొక బుల్లి పాప, అచ్చం నీలాగే, అన్నం పెడితే మూతి తిప్పేది.

మద్దిలేటి మంచివాడే. ఒళ్ళు వంచి పని చేసేవాడు. కానీ కోపం మాత్రం ముక్కు మీదే. ఎవరేం చెప్పినా ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేవాడు. ఎవరిలాగా అని అడక్కు. మీ తాత పక్క గదిలోనే ఉన్నాడు, ఇంకా నిద్రపోలేదు.

ఆ ఇంట్లో తిండిగింజలు దాచేది మూడు చోట్ల. వంటింట్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంతి కుండలు. వసారాలో పేడతో అలికిన వెదురు గాదె. ఆ తర్వాత వాకిట్లో, భూమి లోపల, పాతర.

పాతరంటే తెలీదు కదూ నీకు? మూతి సన్నంగా, కడుపు పెద్దగా ఉండే గొయ్యి. నిలువునా ఇద్దరు మనుషులంత లోతు. అడుగున గడ్డి పరిచి, జొన్నలు పోసి, వాటి మీద మళ్ళీ మందంగా గడ్డి కప్పి, మూతికి బండ పెట్టి మన్ను మెత్తేవాళ్ళు. ఇక పురుగు చేరదు, పందికొక్కు రాదు. గింజ ఏళ్ళ తరబడి అట్లాగే నిద్రపోతుంది.

"కుండ ఈ పూటకి, గాదె ఈ ఏటికి, పాతర కరువుకి" అనేది ఓబులవ్వ. పండుగొచ్చినా చుట్టాలొచ్చినా పాతర జోలికి ఎవర్నీ పోనిచ్చేది కాదు.

అప్పుడు కరువు రానే వచ్చింది. వాన మొహం చాటేసింది. ముందు గాదె ఖాళీ అయింది. ఆ తర్వాత కుండలు ఒక్కొక్కటే బోర్లించేశారు. ఇరుగుపొరుగును అడుగుదామంటే వాళ్ళ పొయ్యీ అంతంతమాత్రంగానే వెలుగుతోంది. పాప మూతి తిప్పడం మానేసింది. పెట్టినదేదైనా గిన్నె నాకేసి, ఇంకా ఉందా అన్నట్టు చూసేది. సుంకులమ్మ తన గిన్నెలోది పాప గిన్నెలో వంచేసేది.

అప్పుడు ఓబులవ్వ అంది, "రేయ్ మద్దిలేటీ, ఇంక పాతర తీయాల్సిందే. కానీ నా మాట విను నాయనా. దీపం దిగని చోట మనిషి దిగకూడదు."

ఎందుకూ అంటావా? గింజలు కూడా మనలాగే ఊపిరి పీలుస్తాయి తల్లీ. మూసేసిన గోతిలో ఏళ్ళ తరబడి ఊపిరి పీలిస్తే లోపలి గాలి పాడైపోతుంది. ఆ పాడుగాలి కంటికి కనపడదు, ముక్కుకి తెలీదు. దీపానికి మాత్రం తెలుస్తుంది, తగిలీ తగలగానే ఆరిపోతుంది. ఓబులవ్వ వాళ్ళన్న ఒకసారి అట్లాగే దీపం దించకుండా దిగాడట, మళ్ళీ ఎక్కి రాలేదట. అప్పటికి ఓబులవ్వ నీ అంత ఉండేది.

సరే, మద్దిలేటి మన్ను పెకలించి బండ పక్కకు జరిపాడు. సుంకులమ్మ ప్రమిదలో నూనె పోసి వత్తి వెలిగించి, తాడు కట్టి ఇచ్చింది. అతను కిందికి దించాడు. సగం దిగిందో లేదో దీపం ఆరిపోయింది.

"గాలికి ఆరిందిలే" అని విసుగ్గా తాడు లాగాడు మద్దిలేటి. ఆ విసురుకి ప్రమిద ఒరిగి నూనంతా పాతరలో ఒలికింది.

"గోతిలోకి గాలి యాడ నుంచి వచ్చిందయ్యా? అత్త చెప్పింది కదా, ఆగు" అంది సుంకులమ్మ. అని ఊరుకోలేదు. ఆకలితో ఉన్న మనిషిని ఉత్త మాటలతో ఆపలేమని ఆమెకు తెలుసు. కుండల అడుగున దులిపితే చారెడు సజ్జపిండి దొరికింది. దాంతో అంబలి కాచింది. చింతపండూ ఉప్పూ ఎండుమిరపకాయా రోట్లో నూరి నంజుకోను పెట్టింది. అది తాగి మద్దిలేటి ఆ పూటకి శాంతించాడు.

రాత్రంతా పాతర తెరిచే ఉంచి, మర్నాడు రెండోసారి దించారు. ఈసారి దీపం ఇంకొంచెం కిందికి పోయింది. అందరి మొహాలూ విచ్చుకున్నాయి. అంతలోనే పుటుక్కున ఆరిపోయింది. మద్దిలేటికి ఒళ్ళు మండి తాడు గుంజాడు. ప్రమిద పోయి బండకు తగిలి ముక్కలైంది.

"అయిందా? కోపం తీరిందా?" అంది ఓబులవ్వ.

సుంకులమ్మ వంటింట్లో గూళ్ళన్నీ వెతికింది. గుప్పెడు వేరుశనగ గింజలు మిగిలితే వేయించి, బెల్లం ముక్క వేసి దంచి, ముద్దలు చేసి తలా ఒకటి చేతిలో పెట్టింది. తనకి పెట్టుకోవడం మర్చిపోయినట్టు నటించింది. అమ్మలందరికీ ఆ నటన వచ్చు, నీకిప్పుడు తెలీదులే.

తాడుకి కడవ కట్టి జొన్నలు చేదుకోవచ్చు కదా అంటావా? తెలివైనదానివే. పైన గడ్డి ఉంది కదమ్మా. దాని కింద గింజ గట్టిగా అణిగిపోయి ఉంటుంది. మనిషి దిగి చేత్తో నింపితేనే గంప పైకొస్తుంది.

ఇక మూడోనాడు. ఇన్నాళ్ళూ రాని మబ్బు, ఆ రోజే వచ్చింది! కొండ వైపు నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. వాన కోసం ఊరంతా మొక్కని దేవుడు లేడు. కానీ తెరిచిన పాతరలో వాన పడితే గింజంతా మురిగిపోతుంది. పోనీ బండ మూసేద్దామంటే పాడుగాలి మళ్ళీ లోపలే ఉండిపోతుంది. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి.

సుంకులమ్మ వంటింట్లో ఉంది. ఇంట్లో మిగిలిన ఆఖరి ఉలవలు ఉడుకుతున్నాయి. గూట్లో నాలుగు వెల్లుల్లి రేకలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఆవాలు. బుడ్డి అడుగున ఒక్క గరిటెడు నూనె. ఆ నూనె దీపానికని దాచింది. ఊళ్ళో ఇంకెక్కడా చుక్క దొరకదు.

అప్పుడు వాకిట్లోంచి ఓబులవ్వ కేక వినపడింది. "సుంకులూ, వీడు దిగుతాండాడే!"

సుంకులమ్మ గడప దగ్గరికి పరుగెత్తింది. మద్దిలేటి తాడుని గుంజకు కట్టేసి, రెండు కాళ్ళూ పాతరలో పెట్టి కూర్చున్నాడు. ముసలామె అతని పైపంచె కొంగు పట్టుకుని లాగుతోంది. ఆ ముసలి చేతుల్లో బలం ఎంతని?

"వద్దయ్యా, నీకు దండం పెడతా, దిగొద్దు!" అంది సుంకులమ్మ.

"వాన పడితే నా బిడ్డ ఏం తింటుంది? నాకేం చెప్పొద్దు" అన్నాడు మద్దిలేటి. అన్నది తప్పు కాదు పాపం. బిడ్డ ఆకలే అతన్ని తోస్తోంది.

సుంకులమ్మ గడప మీదే ఆగింది. పరుగెత్తి పట్టుకుందామంటే, ఆ మొండిమనిషి పట్టుకోబోయేలోపే జారిపోతాడు. ఇంకా అరిస్తే ఇంకా బిగుసుకుంటాడు. అతని చెవికి ఏ మాటా ఎక్కదు. కానీ ముక్కుకి ఎక్కేది ఒకటి ఉంది.

ఆమె వెనక్కి తిరిగింది. బుడ్డి ఎత్తి, దీపం కోసం దాచిన నూనె మొత్తం ఇనుప గరిటెలో వంచేసింది. గరిటె నిప్పుల మీద పెట్టింది. ఆవాలు చిటపటలాడాయి. మిరపకాయలు తుంచి వేసింది. వెల్లుల్లి చితక్కొట్టి వేసింది. ఆ తర్వాత ఉలవలు ఉడికిన కట్టులో చుయ్‌మని తిరగవాత పెట్టి, మూత పెట్టకుండా అట్లాగే వదిలేసింది.

అబ్బ! ఆ వాసన వంటింట్లోంచి వసారాలోకొచ్చింది, వసారాలోంచి వాకిట్లోకొచ్చింది. పాత చీర పేలిక నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్న పాప లేచి నిలబడింది. మద్దిలేటి చేయి తాడు మీద ఆగిపోయింది. అతని కడుపు గుర్రుమన్నది పక్కింటికి కూడా వినపడే ఉంటుంది.

"ఉలవకట్టు వేడిగా ఉంది. తాగి దిగుదువులే" అంది సుంకులమ్మ, ఏమీ జరగనట్టు.

మద్దిలేటి పాతర వైపు చూశాడు. మబ్బు వైపు చూశాడు. వంటింటి వైపు చూశాడు. "తాగి దిగుతా" అని కాళ్ళు పైకి తీసుకున్నాడు.

ఓబులవ్వ అక్కడే కూలబడి, కొడుకు పంచె కొంగుతోనే కళ్ళు తుడుచుకుంది.

అతను తాగుతూ ఉండగా సుంకులమ్మ వేపకొమ్మ విరిచి తాడుకి కట్టింది. పాతరలోకి వదలడం, పైకి లాగడం, వదలడం, లాగడం. పాడుగాలి బయటికి పోవాలని బావిలో నీళ్ళు చేదినట్టు చేదింది. చేతులు బొబ్బలెక్కాయి. మద్దిలేటి అది చూసి గిన్నె కింద పెట్టి, వచ్చి తాడు అందుకున్నాడు. కడుపులో ఇంత పడితే మనిషికి బుద్ధి కూడా తిరిగొస్తుంది అమ్మీ.

"ఇంక దీపం దించండి" అంది ఓబులవ్వ. "నూనె ఏదే?"

నూనె యాడుంది? ప్రమిద యాడుంది? మద్దిలేటి తల దించుకున్నాడు.

అప్పుడు సుంకులమ్మ వంటింట్లోకి పోయి గరిటె తెచ్చింది. దాని గుంటలో అడుగున కాస్త నల్లటి నూనె, మాడిన వెల్లుల్లి ముక్క ఒకటి. పాత గుడ్డ చింపి వత్తి చేసి అందులో పొర్లించింది. పొయ్యి లోంచి కొరివి తెచ్చి ముట్టించింది. గరిటె ఒరగకుండా తాడు కట్టింది.

ఈసారి మద్దిలేటి చేతిలో విసురు లేదు. వేలు వేలు చొప్పున తాడు వదిలాడు. దీపం మొదటిసారి ఆరిన చోటు దాటింది. రెండోసారి ఆరిన చోటూ దాటింది. కింద గడ్డికి అంటుకోకుండా జానెడు ఎత్తున ఆపాడు.

"ఆరిందా?" అంది ఓబులవ్వ కళ్ళు మూసుకుని.

"లేదమ్మా."

"ఇప్పుడో?"

"వెలుగుతాండాది. నిలకడగా ఉంది." అని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అడిగాడు, "అమ్మా, దిగేదా?"

"దీపం దిగింది కదా నాయనా. దిగు. లోపలున్నంతసేపూ మాట్లాడుతూ ఉండు."

నడుముకి తాడు కట్టుకుని దిగాడు. గడ్డి తీస్తున్నా అన్నాడు. గింజ ముత్యంలా ఉంది అన్నాడు. ఇంకేం మాట్లాడాలో తెలీక ఎద్దుల్ని అదిలించే పాటలన్నీ పాడాడు. సుంకులమ్మ ఒక్కో గంపా లాగుతూ, ఆ బండగొంతు పాట వింటూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ భోరున ఏడ్చింది. పోయిందనుకున్న మనిషి కింద నుంచి పాడుతుంటే ఏడవకేం చేస్తుంది?

మూడు గంపలు పైకొచ్చాయి. ఆ తర్వాత మద్దిలేటి పైకొచ్చాడు. బండ జరిపి మన్ను మెత్తీ మెత్తగానే, టప్‌మని ఒక చినుకు అతని వీపు మీద పడింది. ఇంక చూడు, వాన! ఊరు ఊరంతా వీధిలోకొచ్చి తడిసింది.

ఆ సాయంత్రం తిరగలి తిరిగింది. పొయ్యి మీద జొన్న సంగటి కుతకుతలాడింది. పాప ముద్ద మీద ముద్ద తిని, అమ్మ ఒళ్ళోనే పడి నిద్రపోయింది.

అప్పుడు మద్దిలేటి మెల్లగా అడిగాడు, "అయినా సుంకులూ, దీపం నూనె తిరగవాతలో పోసేసినావే. గరిటెకి ఆ కాస్తా మిగలకపోయుంటే ఏం చేసేదానివి?"

"నువ్వు పైనుంటే చాలు. ఇంకో దీపం యాడైనా దొరుకుతుంది" అంది సుంకులమ్మ, ఇంకో ముద్ద పెడుతూ.

ఆ ఇంట్లో ఆ తర్వాత పాతర తీసిన ప్రతిసారీ ప్రమిద దించలేదట. తిరగవాత గరిటెనే దించారట. పాతరంతా వెల్లుల్లి వాసన!

నవ్వింది చాల్లే. ఊఁ కొట్టడం ఆపేశావు, కళ్ళు వాలిపోతున్నాయి.

కథ కంచి దారి పట్టె,
గింజ కుండ నిండ పట్టె,
గరిటె గోడ మేకు పట్టె,
మా అమ్మికి నిద్ర పట్టె.