గోతిలో డప్పు

డప్పు మోతతో ఎవరి దాహమైనా తీరిందా, చెప్పండి?

నగరపెద్ద పదవికి నేతపేట తరఫున ఎవరు నిలబడాలో ముందు పేటవాళ్ళే తేల్చాలి. ప్రచారానికి నాగిశెట్టి పది డప్పులు పెడితే, పోటీగా రంగప్ప ఇరవై పెట్టించాడు. పేటలో మాత్రం ఒక్క బావీ లేదు. ఏటి నుంచి నీళ్ళు మోసి మోసి సిద్దమ్మ నడుం వంగిపోయింది.

“కుండలోంచి పిలిస్తే గొంతు పెరుగుతుంది కదా శెట్టిగారూ, డప్పునీ గోతిలోంచి కొట్టించి చూడండి,” అంది సిద్దమ్మ.

శెట్టి గొయ్యి తవ్వించాడు. రంగప్ప ఇంకా లోతుగా తవ్వించాడు. పంతం ముదిరి ఇద్దరూ తవ్విస్తూనే పోతే, చివరికి రెండు గోతుల్లోనూ నీళ్ళు పడ్డాయి. డప్పులు నాని మూగబోయాయి.

“నా ప్రచారం నీళ్ళపాలు చేశావు గదే,” అన్నాడు శెట్టి.

“ఇక డప్పెందుకయ్యా? తోడుకున్నవాళ్ళే మీ పేరు చెబుతారు,” అంది సిద్దమ్మ, కడవ ముంచుతూ.

మీ వీధికీ డప్పులొస్తాయి. పంపినవాళ్ళ చేతికి ముందు గునపం ఇవ్వండి.