పట్టీకెక్కని కృష్ణుడు

పూర్వం ఒకానొక రాజ్యాన్ని ప్రతాపకంఠీరవుడనే రాజు ఏలేవాడు. ఆయనకు జాబితాల పిచ్చి. గరిటె మొదలు పట్టపుటేనుగు దాకా కోటలో ఉన్న సమస్తం తాటాకుల మీద రాయించి, ఆ కట్టను పల్లకిలో ఊరేగించాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ప్రతి ఇంటివారూ తమ సామాను పట్టీ రాసి ఇవ్వాలనీ, పట్టీలో లేని వస్తువు బొక్కసానికి చెందుతుందనీ చాటింపు వేయించాడు.

సూరాంబ అనే పెద్దావిడ తన ఇంటి పట్టీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసింది. చెంబులూ చేటలూ సరే, అంచు విరిగిన ఉప్పుకుండను కూడా వదలలేదు. తనిఖీకి వచ్చిన భటులు అన్నీ సరిచూసి, పూజగూట్లోని బొటనవేలంత వెండి కృష్ణుణ్ణి తీసి సంచిలో వేసుకున్నారు.

"ఇది పట్టీలో లేదమ్మా."

ఆ ఇంట్లో కృష్ణుడికి పెట్టనిదే ఎవరూ మెతుకు ముట్టరు. సూరాంబ పొయ్యి వెలిగించలేదు. మూడు రోజులు ఖాళీ గూటి ఎదుట కూర్చుంది. అత్తగారు పోతూ పోతూ చేతిలో పెట్టిన స్వామి, తన హయాంలో పోయాడు. ఏడవడానికి కూడా ఓపిక లేదు. నాలుగోనాడు గోడలు పట్టుకుంటూ కొలువుకు వెళ్ళింది.

"ఏం ముసలిదానా, రాయడం మరిచిపోయి నా దగ్గర ఏడవడానికి వచ్చావా?" అన్నాడు రాజు.

"తెలివితక్కువదాన్ని ప్రభూ. ఏలినవారి పట్టీ ఒక్కసారి వింటే నాకూ బుద్ధి వస్తుంది."

రాజు ఉబ్బిపోయాడు. "చదవండిరా! మా కోటలో పట్టీకెక్కని వస్తువు ఒక్కటి చూపించు, అది నీదే. పట్టుకుపో!"

పొద్దు వాలేదాకా చదివారు. ఏనుగులు, అంబారీలు, ఉమ్మే తమ్మపడిగలు, చివరికి రాణిగారి దువ్వెనలు. సూరాంబ స్తంభానికి ఆనుకుని, కళ్ళు మూసుకుని అంతా విన్నది.

"అయిపోయిందా నాయనా? అయితే ఏలినవారి పూజామందిరంలోని సీతారాములను నాకు ఇప్పించండి. వారి పేరు ఎక్కడా వినబడలేదు."

రాజు గద్దె మీద నుంచి లేచాడు. "నోరు ముయ్! రాముణ్ణి తమ్మపడిగల పక్కన రాయమంటావా? ఆయన నా సొత్తా? నేనే ఆయన సొత్తు!"

"నేనూ అందుకే రాయలేదు మహారాజా," అంది సూరాంబ మెల్లగా.

రాజు మళ్ళీ గద్దె మీద కూర్చున్నాడు. తరవాత పగలబడి నవ్వాడు. సభంతా నవ్వింది. చాటింపు రద్దు చేసి, తన శాలువా తీసి ఆవిడ భుజాన కప్పి, "వెళ్ళి నీ కృష్ణుణ్ణి తెచ్చుకో అమ్మా!" అన్నాడు.

బొక్కసంలో గంపెడు వెండి కృష్ణులున్నారు. ఊరంతా చేసిన పొరపాటు ఒక్కటే. తరతరాల అభిషేకాలకు అరిగి, అందరి ముఖాలూ ఒక్కలాగే నున్నబడి ఉన్నాయి.

"ఏది ఎవరింటిదో రాసుకోలేదా నాయనా?"

"లేదమ్మా," అన్నాడు బొక్కసం అధికారి తల వంచుకుని.

సూరాంబ ఒక్కొక్కరినే తీసి కళ్ళకద్దుకుంది. ప్రతి ఒక్కడూ తనవాడిలాగే ఉన్నాడు. చీకటి పడుతోంది. కొంగున కట్టుకొచ్చిన బెల్లం ముక్కను గంప ముందు పెట్టి చేతులు జోడించింది.

"ఎక్కడున్నావో గానీ, తిను తండ్రీ."

కొలువులో రాజుగారు 'నేనూ అందుకే రాయలేదు' అన్న ఆవిడ మాటే మళ్ళీ మళ్ళీ చెప్పుకుని నవ్వుతున్నారు. సూరాంబ ఆ బెల్లం నోట్లో వేసుకుంది. అది గొంతు దిగలేదు.