ఖడ్గమృగానికి ఊడ్చిపెట్టిన చోటు

ఆశ్రమం గురువు కూర్మనాథం గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు, చేతిలో పని ముగించుకున్నాకే నోరు తెరిచేవారు. ఆ రోజు ఆయన చింతపండులో గింజలు తీస్తున్నారు. మార్కండేయులు ఎదురుగా కూర్చుని తన బాధ చెప్పుకున్నాడు.

మార్కండేయులు నేతగాడు. మూడేళ్ల కింద తాగిన మైకంలో సొంత తమ్ముడి మగ్గం మీద పడుగు దారాలన్నీ కత్తితో కోసేసి, తెల్లారాక ఎవరికీ మొహం చూపించలేక ఈ ఆశ్రమానికి వచ్చి పడ్డాడు. ఆ తర్వాత చుక్క ముట్టలేదు. ఇప్పుడు భార్య కబురు పంపింది. ఈ దసరాలోపు రాకపోతే పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతానని, ఇక ఎదురుచూడనని. అతనికీ వెళ్లాలనే ఉంది. కాకపోతే ఆ సంగతి మాసిపోయాక వెళ్లాలని అతని ఆలోచన.

"ఇంకో రెండేళ్లు ఆగితే అందరూ మరిచిపోతారు గదయ్యా. అప్పుడు శుభ్రంగా వెళ్లొచ్చు గదా?" అని అడిగాడు.

గురువుగారు గింజలు పక్కకు తోసి, తాను వయసులో ఉండగా ఉత్తరాదిన తిరుగుతూ చూసిన సంగతి ఒకటి చెప్పారు.

హిమాలయాల దిగువన, ఏటి ఒడ్డున మనిషెత్తు గడ్డి పెరిగే అడవి ఒకటుంది. అక్కడ ఒకప్పుడు ఖడ్గమృగాలు ఉండేవట. కొమ్ము కోసం చంపగా చంపగా ఒక్కటీ మిగల్లేదు. చాలా ఏళ్లకి అడవి శాఖవాళ్లు వేరే అడవి నుంచి ఒక మగదాన్ని లారీలో తెచ్చి వదిలారు. అది నిలిస్తే ఆడవాటిని కూడా తెస్తారు. నిలవకపోతే దాన్నీ తీసుకుపోతారు, ఆ అడవి ఊసు మళ్లీ ఎవరూ ఎత్తరు.

దాన్ని కనిపెట్టుకుని ఉండే పని బుధరాం అనే ముసలి కాపలాదారుది. పూర్వం వేటగాళ్లకు దారి చూపించింది అతని తాతే. అందుకని ఇది నిలవాలని అతనికి మహా పట్టుదల, ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసుకున్నట్టు చూసుకున్నాడు. చుట్టం వస్తే ముందు వాకిలి ఊడ్చుకోవడం వాళ్ల పద్ధతి. లారీ పెట్టెలో రెండు రోజుల పేడ ఉంటే గీకించి దూరంగా పారబోయించాడు. ఆ తర్వాత కూడా అది గడ్డిలో పేడ వేయడమే ఆలస్యం, కోడలు ఫూల్‌మతి చేత గంపకెత్తించి ఆ దూరానే పోయించేవాడు.

అయినా అది నిలవలేదు. రోజూ పొద్దున్నే కంచె తోసుకుని తూర్పుగా, తనను తెచ్చిన దారినే నడిచేది. రెండుసార్లు చెరకు తోటలు తొక్కింది. రైతులు గొడవ చేస్తే అధికారి వచ్చి, ఆదివారం దాకా చూసి మత్తు సూది వేసి తీసుకుపోతామని చెప్పి వెళ్లాడు. బుధరాం ఆ పూట అన్నం ముట్టలేదు. నువ్వు సరిగ్గా ఊడవకే ఇలా అయిందని కోడల్ని కసిరాడు.

ఫూల్‌మతి గంప కింద పెట్టేసింది.

"ఎక్కువ ఊడ్చాం మామా, అదే తప్పు. అది రోజూ ముందునాడు పేడ వేసిన చోటికే వచ్చి వెతుక్కుంటుంది. ముక్కు నేలకానించి ఎంతసేపో నిలబడుతుంది. ఏమీ దొరక్కపోతేనే తూర్పుకి పోతుంది. నీ చుట్టానికి మనమే రోజూ ఇల్లు పీకేస్తున్నట్టుంది."

పేడలో ఇల్లేమిటని ముసలాయన నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. ఆ మృగాలు ఒకే చోట పేడ వేస్తాయనీ, ఎవరున్నారో, ఎవరొచ్చి వెళ్లారో ఆ కుప్ప వాసనతోనే తెలుసుకుంటాయనీ అతనికి తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజుకి కోడలి మాటే నమ్మాడు. పారబోసిందంతా, లారీ పెట్టెలోదీ చెదలు పట్టిందీ కూడా, తనే గంపలతో మోసి ఏటి దగ్గర కుప్ప పోశాడు. ఊళ్లోవాళ్లు ముక్కులు మూసుకుని, చుట్టానికి పెళ్లి పందిరి వేస్తున్నావా అని ఎగతాళి చేశారు.

మర్నాడు పొద్దున అది కుప్ప దగ్గరికి వచ్చింది. చాలాసేపు వాసన చూసింది. వెనక్కి తిరిగి తనదీ దాని మీదే వేసి, గడ్డిలోకి పోయి మేసింది. తూర్పు వైపు వెళ్లలేదు. ఆదివారం అధికారి మత్తు సూదితో వచ్చేసరికి బురదలో పడుకుని ఉంది. ఆయన సూది పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మరుసటి చలికాలం రెండు ఆడ మృగాలు వచ్చాయి.

ఇంతవరకూ చెప్పి గురువుగారు గింజలు గిన్నెలోకి ఎత్తారు. ఎత్తుతూనే, మీ ఊళ్లో ఆ పడుగు సంగతి ఇంకా చెప్పుకుంటున్నారా అని అడిగారు.

మార్కండేయులు తల దించుకున్నాడు. "అటునుంచి వచ్చినవాళ్లంతా అదే చెబుతారయ్యా. మా తమ్ముడైతే కోసిన ఆ పడుగుని ఇంకా దూలానికి వేలాడదీసి ఉంచాడట."

"అయితే నీ చోటు ఇంకా ఊడ్చెయ్యలేదన్నమాట" అన్నారు గురువుగారు.