పచ్చది నొక్కమన్న పిల్ల

మా మాస్టారికి ఒక అలవాటు ఉంది. వెలగని ఫోను గాని, లేవని కంప్యూటరు గాని బల్ల మీదికి వస్తే వెంటనే ముట్టుకోరు. తెచ్చినవాళ్ల మొహంలోకి చూసి, "దీని మీద ఎవరి చెయ్యి పడింది?" అని అడుగుతారు. అడగడం మెత్తగానే అడుగుతారు గాని, వినేవాళ్లకు పోలీసు స్టేషన్లో నిలబడ్డట్టు ఉంటుంది. "నాది కాదండీ, మా బామ్మర్దిది" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. మా బందరులో ఫోన్లన్నీ బామ్మర్దులే పాడుచేస్తారని ఆ కొట్లో చేరాకే నాకు తెలిసింది.

మాస్టారి పేరు లక్కోజు కామేశ్వరాచారి. వాళ్ల నాన్నగారు చిలకలపూడిలో గిల్టు నగలకు రాళ్లు పొదిగేవారు. ఆయన వాడిన పట్టకారే ఇప్పుడు మాస్టారి చేతిలో చిప్పులు పట్టుకుంటోంది. ఆయన దగ్గర పని నేర్చుకునేది ఇద్దరం, నేనూ రత్నాకరూ. నాకు మాటలెక్కువ, వాడికి బుర్ర ఎక్కువ. లోపం పట్టాడంటే వీధి చివరిదాకా వినపడేలా చెబుతాడు. అందుకే వాణ్ణి నేను సీబీఐ అంటాను.

ఒకరోజు ఉదయం మాత్రం ప్రశ్న అడిగింది వాడే. అంతకుముందు రోజు ఒక పెద్దమనిషి తెచ్చిన లాప్‌టాప్ విప్పి, లోపల ఎండిపోయిన మరక చూపించి, "ఇది టీ అండీ, మీ ఇంట్లోవాళ్లెవరో ఒలకబోశారు" అని తేల్చేశాడు. ఆ పెద్దమనిషి అక్కడే నిలబడి భార్యకు ఫోను చేసి నిలదీశాడు. అవతల ఆవిడ ఏడవడం మా ముగ్గురికీ వినపడింది. అప్పటినుంచీ వీడికి మనసు మనసులో లేదు.

"మాస్టారూ, లోపం పట్టుకోవడం మన పని. సరే. అది ఎవరివల్ల వచ్చిందో చెప్పడం కూడా మన పనేనా? మీరు రోజూ అడిగేదీ అదే కదా, ఎవరి చెయ్యి పడిందని."

"సీబీఐకే సందేహమా!" అన్నాను నేను. మాస్టారు బోర్డు మీద దుమ్ము ఊదుకుంటూ విననట్టే ఉండిపోయారు.

ఎండ బాగా ఎక్కాక నాంచారమ్మ వచ్చింది. గిలకలదిండి నుంచి చేపలు తెచ్చి మా వీధుల్లో అమ్ముకునే మనిషి. సరుకంతా అమ్ముడైనట్టుంది, నెత్తి మీది బుట్ట ఖాళీ. దించి, అడుగున తువ్వాల్లో చుట్టిన ట్యాబు తీసి, పసిపిల్లను అందించినట్టు రెండు చేతులతో బల్ల మీద పెట్టింది.

"లేవట్లేదు మాస్టారూ" అంది.

రత్నాకర్ పక్కనున్న మీట నొక్కాడు. తెర వెలిగింది. కంపెనీ పేరు రావలసిన చోట ఒక బొమ్మ వచ్చింది. ఎవరో వేలితో గీసిన బొమ్మ. ఒక ఆడమనిషి, నడుముకు దోపిన కొంగు, లోపలి కొండనాలుకతో సహా ఇంత పెద్దగా తెరిచిన నోరు. ఆ నోరు చూసి నాకు నవ్వాగలేదు. అంతలోనే తెర నల్లబడింది. కాసేపటికి మళ్లీ అదే బొమ్మ. మళ్లీ నలుపు.

"నవ్వు బాబూ, ఏం పర్లేదు. నేనే అది" అంది నాంచారమ్మ. "మా పావని గీసింది. పొద్దున్నే దాన్ని లేపేటప్పుడు నేనట్టా అరుస్తానంట. ఇది వెలిగినప్పుడల్లా ముందు నా నోరే కనపడేట్టు పెట్టింది, దొంగముండ."

అలా అంటూ తనూ నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. పావని సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. పాలిటెక్నిక్ చదివే పిల్ల, పోయిన వానల్లో విషజ్వరం వచ్చి పోయింది. నేను నా నవ్వును ఎక్కడ దాచుకోవాలో తెలియక స్క్రూల డబ్బా సర్దడం మొదలుపెట్టాను.

మాస్టారు ఎప్పటిలాగే అడిగారు. కాకపోతే ఈసారి ముందు స్టూలు జరిపి, ఆవిడ కూర్చున్నాక అడిగారు.

"దీని మీద ఎవరి చెయ్యి పడిందమ్మా?"

"నాదేనయ్యా" అంది. బామ్మర్ది ఊసు లేదు.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. అది ఒక ట్యూషన్ కంపెనీ ఇచ్చిన ట్యాబు. అందులో వాళ్ల పాఠాలు తప్ప మరేమీ తెరుచుకునేవి కావు. కంపెనీ మూతపడింది గాని, వాళ్లు వేసిన తాళం అలాగే ఉంది. పావని ఆ తాళం పగలగొట్టింది. హ్యాక్ చేశానమ్మా అని ఇల్లంతా గెంతిందట. తల్లికి చదువు రాదని అక్షరాలున్న చోటల్లా బొమ్మలు పెట్టింది. 'సరే' అనేదానికి పచ్చరంగు, 'వద్దు' అనేదానికి ఎర్రరంగు వేసింది.

"ఏదన్నా అడిగిద్ది, కంగారుపడబాక, ఏదడిగినా పచ్చది నొక్కు అంది. నేనట్టాగే నొక్కేదాన్ని. అది పోయాక మొదటిసారి మొన్న ఈ ట్యాబు ఏదో అడిగింది. ఎవర్ని అడగను? పచ్చది నొక్కా. అప్పటినుంచి ఇట్టా మొహం చూపించి తిప్పేసుకుంటంది." కొంగు చివర వేలికి చుట్టుకుంది. "జ్వరం వచ్చిన రోజునా బద్ధకం అనుకుని అరిచానయ్యా. అదట్టా పోయింది. దీన్నేమో ఇట్టా పోగొట్టుకున్నా."

మాస్టారు ట్యాబును రత్నాకర్ వైపు జరిపారు.

వాడు దానికి తీగ తగిలించి, మా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వాడి పని చూడటం నాకెప్పుడూ ఇష్టమే, ఎదుట ఒప్పుకోను గాని. ముందు దారిలో వెళ్లాడు, అది మూసి ఉంది. వెనక దారి వెతికాడు. లోపలున్నవి బయటికి లాగబోయాడు, అవేవీ రాలేదు. కాసేపటికి వాడి కళ్లు మెరిశాయి. ఆ మెరుపు నాకు బాగా తెలుసు.

"దొరికింది మాస్టారూ! ఇది చేసినవాళ్లు..."

"రత్నం, ఆవిడకి మంచినీళ్లు ఇవ్వు" అన్నారు మాస్టారు.

వాడు కూజా దగ్గరికి వెళ్తూ నా చెవిలో గొణిగాడు. వాడు పట్టింది నిజమే. ట్యాబు తయారుచేసినవాళ్ల దగ్గర్నుంచి అప్‌డేటు వచ్చింది. తాళం పగిలిన ట్యాబు మీద అది ఎక్కబోయి సగంలో నిలిచిపోయింది. ఇలాంటి పని చేసేవాళ్లు అన్నిటికంటే ముందు అప్‌డేట్లు రాకుండా ఆపేస్తారు. మాకు నేర్పిన మొదటి పాఠం అదే. పావని అన్నీ చేసింది. అదొక్కటే మరిచిపోయింది. ఆ పైన, ఏదడిగినా పచ్చది నొక్కమని తల్లికి నేర్పింది.

నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాక నాంచారమ్మ వాణ్ణే అడిగింది. "చెప్పు బాబూ. నేను నొక్కబట్టే పోయిందా?"

"మీవల్ల కాదమ్మా" అన్నాడు రత్నాకర్, గబుక్కున.

"మరెవరి వల్ల?"

వాడు మాస్టారి వైపు చూశాడు. మాస్టారు పట్టకారు మొన తుడుచుకుంటున్నారు. నా వైపు చూశాడు. నేను మళ్లీ స్క్రూల డబ్బా మీద పడ్డాను. వాడు ట్యాబును వెనక్కి తిప్పాడు, ఇటు తిప్పాడు, కింద ఛార్జింగు పిన్నును గోటితో కదిపి చూశాడు. అది నిజంగానే వదులుగా ఉంది.

"పిన్ను వదులైందమ్మా" అన్నాడు చివరికి. ఆ గొంతు నేను ముందెప్పుడూ వినలేదు. వీధి దాకా కాదు, బల్ల దాకా కూడా వినపడలేదు. "ఛార్జింగు సరిగ్గా ఎక్కక... మధ్యలో ఆగిపోయింది. మీరేం నొక్కినా, నొక్కకపోయినా ఒకటే."

ఆవిడ పెద్దగా ఊపిరి వదిలింది. "నేనింకా..." అని ఆగి, "మరి లేస్తదా?" అంది.

ఇక్కడ వాడు దాచలేదు. మొత్తం తుడిచేసి, తయారుచేసినవాళ్ల సాఫ్ట్‌వేరు కొత్తగా ఎక్కిస్తే ఇప్పుడే లేస్తుంది, కొత్తదానిలా పనిచేస్తుంది అన్నాడు. కాని ఆ పిల్ల పెట్టినవేవీ ఉండవు. తను దూరిన సందును కొత్తదానిలో మూసేశారు. పచ్చరంగూ ఉండదు.

"ఈ బొమ్మ?"

"రాదమ్మా. కంపెనీ పేరే వస్తుంది."

"బొమ్మను నా ఫోన్లో ఫొటో తీసి, పెద్దది చేయించి ఇస్తానమ్మా. గోడకి పెట్టుకుందువు గాని" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

నాంచారమ్మ తెర వైపే చూస్తోంది. తెరిచిన నోరు వెలిగింది, ఆరింది. వెలిగింది.

"వద్దు బాబూ. ఇట్టాగే ఉండనియ్యి. ఆ నోరు పిలుస్తానే ఉంది గదా" అంది. "అదేమన్నా ఒక్క కేకకి లేచే పిల్లా?"

మాస్టారు ట్యాబును తన వైపు లాక్కున్నారు. పాత పిన్ను తీసి, కొత్తది పెట్టి అతికారు. లేవని ట్యాబుకు అంత శ్రద్ధగా పిన్ను వేయడం నేనెప్పుడూ చూడలేదు. ఛార్జింగు పెట్టి, బొమ్మ వస్తోందని చూసి, తిరిగి తువ్వాల్లో చుట్టి ఆవిడకు ఇచ్చారు. ఆవిడ కొంగుముడి విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

ట్యాబును బుట్టలో పెట్టుకుని, నెత్తి మీద చుట్టకుదురు సర్దుకుని, "బాబూ, ఒక చెయ్యి వెయ్యి" అంది నాంచారమ్మ. చేపలు నిండుగా ఉన్న బుట్టను ఎవరైనా ఎత్తి పెట్టాలి గాని, ఆ ఖాళీ బుట్టకు రెండో మనిషి అక్కర్లేదు. ఏళ్ల తరబడి అలవాటు, అడిగేసింది. రత్నాకర్ వెళ్లి రెండు చేతులా ఎత్తి నెత్తి మీద పెట్టాడు. వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

లోపలికి వచ్చాక చాలాసేపు పని ముట్టుకోలేదు.

"మాస్టారూ, పొద్దున నేనడిగిందానికి మీరు చెప్పనే లేదు. ఇప్పుడు నేను ఆవిడకు పిన్ను అని చెప్పాను. అది తప్పా?"

మాస్టారు పట్టకారు కింద పెట్టారు.

"బుట్ట నువ్వే ఎత్తావు కదా. ఎంత బరువుంది? అందులో ఇంకో బరువు వెయ్యాలనిపించిందా?" అన్నారు.