నీడపాప దిమ్మ

దిమ్మపల్లె హాల్టులో ఇప్పుడు రోజుకు రెండే ప్యాసింజర్లు ఆగుతాయి. దిగిన భక్తులు పట్టాల వెంబడి ఉత్తరంగా కొంత దూరం నడిస్తే, కట్టకు తూర్పున పెద్ద గుంట, గుంట నడుమ నిలువెత్తు మట్టి దిమ్మ కనిపిస్తాయి. ఇదే నీడపాప సన్నిధి. ఇక్కడ గోపురం లేదు, రాతి విగ్రహం లేదు. దిమ్మకు పసుపు పూసి, పసిబిడ్డల గాజులు తగిలిస్తారు. వానకు కరిగిన మేర ఏటా కొత్త మట్టి మెత్తుతారు. సిరిసంపదలు కోరి వచ్చేవారికి ఈ పాప దగ్గర పెద్దగా దొరకదని ముందే మనవి చేస్తున్నాము.

పూర్వం ఇక్కడ, విక్టోరియా రాణి ఏలుబడిలో, ఒక చిన్న రైలు కంపెనీ లైను వేయ వచ్చింది. అప్పటికి దానికి ఉన్నది పొట్టి లైను ఒకటి, పాత ఇంజన్లు రెండు. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, ఈ సీమ పత్తి సంత దాకా, ఆపై నల్లరేగడి సీమ అంతటా పట్టాలు పరచాలని దాని ఆశ. పెద్ద కంపెనీ ఒకటి అదే పత్తి సంతకు దక్షిణం నుంచి వస్తోంది. ఎవరు ముందు చేరితే పత్తి మూటలు వారివి. అందుచేత వానలు పడేలోగా కట్ట పూర్తి కావాలని కబురు మీద కబురు వచ్చేది.

కట్ట పోయ వచ్చిన వడ్డెరలలో తిప్పయ్య, సుంకమ్మ అనే దంపతులు ఉండేవారు. మొక్కని దేవుడు లేడు, తిరగని గుడి లేదు అనిపించుకున్నాక వారికొక ఆడబిడ్డ పుట్టింది. పని ముగించుకుని ఇల్లు చేరాక పేరు పెడదామనుకున్నారు.

మట్టి తీసే గుంటలో నడుమ ఒక దిమ్మను తవ్వకుండా వదలడం వారి పనిలో పద్ధతి. ఎంత లోతు తవ్వారో చెప్పడానికి ఆ దిమ్మే సాక్షి. కొలత అయ్యాక దానిని పైనుంచి చెక్కుతూ దించుతారు. చెట్టన్నది లేని ఆ బయలులో దిమ్మ నీడ తప్ప మరో నీడ లేదు. సుంకమ్మ పొద్దున బిడ్డను దిమ్మకు పడమట పడుకోబెట్టి తట్ట ఎత్తుకునేది. పొద్దు వాలితే తూర్పుకు మార్చేది.

కంపెనీ పెద్దదొర మరునాడు చూడవస్తున్నాడని ఒక మధ్యాహ్నం మేస్త్రీకి తెలిసింది. సాయంత్రానికల్లా గుంటల్లోని దిమ్మలన్నీ నేలమట్టం కావాలని, చెక్కుతూ కూర్చోక గడ్డపారలతో తోసెయ్యాలని అతడు తొందరపెట్టాడు. అప్పటికే సుంకమ్మ బిడ్డను తూర్పు నీడకు మార్చి నీళ్లకు వెళ్లింది. తిప్పయ్య పడమటనున్న కట్ట మీది నుంచి గుంటలోకి దిగాడు. పొద్దున చూసిన చోట బిడ్డ లేదు. తల్లి వెంట తీసుకుపోయిందనుకున్నాడు. గడ్డపార గుచ్చి, బలమంతా పెట్టి దిమ్మను తూర్పుకు తోశాడు.

కుండతో తిరిగి వచ్చిన సుంకమ్మ, బిడ్డ ఏదని అడిగింది. ఆ పైది రాయడానికి చేయి రావడం లేదు. అందరూ కలిసి మట్టి తీసేసరికి బిడ్డలో ప్రాణం లేదు.

"నీడ జరిగుంటాదని నాకు మతికే రాకపాయెనే," అన్నాడు తిప్పయ్య.

"ఒక్క సుట్టు తిరిగి సూసింటే సాలు గదయ్యా," అంది సుంకమ్మ.

భర్తను ఆమె తిట్టలేదు. ఆ మాట తరువాత మళ్లీ పలకరించనూ లేదు. బిడ్డను ఆ గుంటలోనే పూడ్చారు.

నాటి రాత్రి నిద్రలో తిప్పయ్యకు బిడ్డ కనిపించింది. మండుటెండలో పాకుతూ నీడ వెతుక్కుంటోంది. ఇంకా మాటలు రాని బిడ్డ కలలో మాట్లాడి, తన నీడను తనకు నిలబెట్టమని తండ్రిని అడిగింది. తెల్లవారి అతడు కూలిన మట్టినే తడిపి, తొక్కి, పూడ్చిన చోట దిమ్మను తిరిగి లేపసాగాడు. మేస్త్రీ అడ్డు రాబోతే వడ్డెరలందరూ తట్టలు దించి ఊరకే నిలబడ్డారు. సుంకమ్మ కూడా వచ్చి పిడికెడు మట్టి మెత్తింది. దిమ్మ మీద పందిరి వేస్తే దాని నీడ పోతుందని నేటికీ ఇక్కడ పందిరి వేయరు.

లైను ఆ ఏడే పత్తి సంతకు చేరింది. కొన్నేళ్లకు పెద్ద కంపెనీ చిన్నదానిని కొనేసింది. ఎవరి తొందరకు ఆ బిడ్డ బలి అయిందో వారి పేరు కూడా ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. తిప్పయ్య మాత్రం ఈ చోటు వదలక, బతికినన్నాళ్లూ నేల చూస్తూ దిమ్మ చుట్టూ తిరిగాడు.

అందువలన ఈ సన్నిధిలో నమస్కారానికి ముందే ప్రదక్షిణ. మొక్కు తీర్చ వచ్చిన బిడ్డ తండ్రి నేల మీదే చూపు నిలిపి ఒక చుట్టు తిరిగి వచ్చి, "బిడ్డేదే?" అని భార్యను అడగాలి. "నా సంకనే ఉండాది" అని ఆమె చెప్పాకే కొబ్బరికాయ కొడతారు. ఆ మాట కన్నీరు రాకుండా చెప్పిన తల్లులు తక్కువ. ఈ మొక్కు తీర్చిన ఇంటి పిల్లలకు వడదెబ్బ, నిద్రలో ఉలికిపాటు ఉండవని నమ్మకం.

జాతర నాడు అందరి చుట్లూ అయ్యాక, తిప్పయ్య పేరున వడ్డెర పెద్ద ఒకరు చివరి చుట్టు తిరుగుతారు. తిరిగి వచ్చి అదే ప్రశ్న అడుగుతారు. ఎవరూ జవాబు చెప్పరు. తిప్పయ్య పేరున తెచ్చిన కొబ్బరికాయను కొట్టకుండా దిమ్మ దగ్గరే ఉంచి వచ్చేస్తారు.