పోయిన బంతిని తెచ్చిచ్చిన సుంకమ్మ

అనగనగా ఒక ఊరు. ఊరి పేరు రాచగుట్ట. ఏ కాలమని మాత్రం అడగొద్దండి. నాకూ తెలీదు, నాకు చెప్పిన ముసలాయనకూ తెలీదు. బంతిని తోలుతో కుట్టే కాలం. వాన పడితే ఆ బంతి గుమ్మడికాయంత బరువెక్కి, తలతో కొట్టినోడికి మూడు రోజులు మెడ తిరగని కాలం. అంతవరకే తెలుసు.

ఊరి వెనక గుట్ట. గుట్ట కింద కాలేజీ. కాలేజీ వెనక మైదానం. మైదానమంటే పచ్చగడ్డి అనుకునేరు! ఎర్రమట్టి, పల్లేరుకాయలు, అంతే. అటొక గోలు, ఇటొక గోలు, కట్టెలు పాతినారు. వల మాత్రం లేదు. గోలు పడిందంటే బంతి ఆగేది కాదు. దొర్లుకుంటా దొర్లుకుంటా తుమ్మచెట్ల దాకా పోయేది.

ఆ తుమ్మచెట్ల కింద సుంకమ్మ మేకలు మేపుకునేది.

సుంకమ్మకు పెండ్లయిన మూడో ఏడే మొగుడు పోయినాడు. పిల్లల్లేరు. ఊరోళ్ళు చెడ్డోళ్ళేం కాదు. ఆకలి అంటే సంగటి పెట్టేవాళ్ళే. కానీ పనిమీద బయల్దేరేటప్పుడు సుంకమ్మ ఎదురొచ్చిందా, గడప దాటిన కాలు వెనక్కి తీసుకునేవాళ్ళు. లోపలికి పోయి, నీళ్ళు తాగి, కాసేపు కూర్చొని, మళ్ళీ బయల్దేరేవాళ్ళు. ఎందుకొచ్చిన గొడవని ఆయమ్మే ఒక అలవాటు చేసుకుంది. ఎవరన్నా చంకన సంచి పెట్టుకొని వస్తా కనబడితే చాలు, సందులోకి తప్పుకొని, గోడవైపు మొగం తిప్పి నిలబడేది. వాళ్ళు పోయినాక నడిచేది. ఇట్లా తప్పుకుంటా తప్పుకుంటానే ముసలిదైపోయింది పాపం.

ఒకనాడు సుంకమ్మ మేకల్ని తోలుకొచ్చేసరికి మైదానంలో పిల్లోళ్ళు బంతాట ఆడుతా ఉండారు. అందరూ గుంపుగా పరిగెత్తుతా ఉండారు. ఒకడు మాత్రం గోలు కట్టెల మధ్య ఒంటరిగా నిలబడినాడు. పొడుగ్గా, సన్నంగా ఉండాడు. వాడి పేరు ఓబులేసు.

సుంకమ్మ గుండె కలుక్కుమంది. దగ్గరికి పోయి అడిగింది.

"ఏమి నాయనా, వాళ్ళంతా ఆడుకుంటా ఉంటే నిన్నొక్కణ్ణే ఈడ నిలబెట్టినారే? ఏం తప్పు చేసినావు?"

"తప్పు కాదవ్వా. నేను గోల్‌కీపర్‌ని. బంతి ఇట్లా పోకుండా కాపలా కాయాల."

"అట్లని వాళ్ళు చెప్పినారా?"

"అవునవ్వా."

"నువ్వు నమ్మినావా?"

ఓబులేసు పడీ పడీ నవ్వినాడు. సుంకమ్మ నవ్వలేదు. పక్కన పెట్టినోళ్ళు ఎట్లా నిలబడతారో ఆయమ్మకు తెలుసు కదా.

"సరేలే. నేను నీ వెనకాల కూర్చుంటా. నాకూ తోడుంటుంది, నీకూ తోడుంటుంది" అని కొంగు పరుచుకొని కూర్చుంది.

ఇంతలో బంతి రయ్యిన వచ్చింది. ఓబులేసు దూకినాడు, అందలేదు. బంతి తుమ్మచెట్ల దాకా పోయింది. టీమంతా వాడివైపు చూసినారు. వాడు తల వంచుకున్నాడు. సుంకమ్మ మోకాళ్ళు పట్టుకొని లేచి, కంపల్లోంచి బంతిని తీసి, కొంగుతో మట్టి తుడిచి, వాడి చేతుల్లో పెట్టింది.

"పోన్లే నాయనా. పోయిన బంతి వచ్చింది కదా."

వాడితో అంతవరకూ ఆ మాట ఎవరూ అనలేదు. గెలిస్తే గోలు కొట్టినోణ్ణి భుజాలకెత్తుకునేవాళ్ళు. ఓడితే గోలు వదిలినోణ్ణి కళ్ళతోనే కాల్చేసేవాళ్ళు. నిన్నొక్కణ్ణే నిలబెట్టినారని ముసల్ది చెప్పింది మరీ అంత తప్పేం కాదని ఆరోజు వాడికి తోచింది.

ఆ ఏడు కాలేజీలన్నిటికీ పోటీ పెట్టినారు. రాచగుట్ట టీము ఎట్లా ఆడిందంటారా? ఒక ఆట గెలిచింది. ఒక ఆట ఓడింది. ఒక ఆట గెలవనూ లేదు, ఓడనూ లేదు. మళ్ళీ గెలిచింది, మళ్ళీ ఓడింది. మన సీమ వాన మాదిరి, వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. గెలిచినా, ఓడినా, సుంకమ్మ గోలు వెనకాలే. బంతి పోతే తెచ్చేది, తుడిచేది, "పోన్లే నాయనా, పోయిన బంతి వచ్చింది కదా" అనేది.

టీముకు కెప్టెన్ తిప్పేస్వామి. మంచోడే, కానీ ఓటమి వాడికి ముద్ద దిగనిచ్చేది కాదు. మొదటిసారి ఓడినప్పుడు బూట్ల మీదికి పోయింది వాడి అనుమానం. అందరి బూట్లకూ ఆముదం రాయించినాడు. రెండోసారి ఓడినప్పుడు గోలుకు దిష్టి తగిలిందన్నాడు. నిమ్మకాయలు కట్టించినాడు. సుంకమ్మ మేక వాటిని శుభ్రంగా తినేసింది. మూడోసారి ఓడినప్పుడు ఇంకేం మిగిలింది చెప్పండి? గోలు వెనకాల కూర్చున్న మనిషి మిగిలింది.

ఆఖరి ఆట ఇక మర్నాడనగా తిప్పేస్వామి సుంకమ్మ గుడిసెకు పోయినాడు. ఆయమ్మ మొగంలోకి చూడలేక మేకలవైపు చూస్తా చెప్పినాడు.

"అవ్వా, తప్పుగా అనుకోవద్దు. రేపు కోటూరు కాలేజీతో ఆట. గెలిస్తే కప్పు మనదే. ఈ ఒక్కసారికి... నువ్వు రావద్దవ్వా."

సుంకమ్మకు వెంటనే అర్థమైంది. జన్మంతా విన్న మాటే కదా. తిట్టలేదు, ఏడవలేదు.

"నేనే అనుకోవాల్సింది నాయనా. మీతో కూర్చునే సంబరంలో పడి మర్చిపోయినా" అంది.

వాడు పోయినాక మాత్రం ఆయమ్మకు సంగటి గొంతు దిగలేదు. తనవల్లే ఆ పిల్లోళ్ళు ఓడినారేమో! తనవల్లే ఓబులేసు అందరి ముందూ తల వంచుకున్నాడేమో! ఆ ఆలోచన ఆయమ్మను తినేసింది.

ఆట రోజు వచ్చింది. ఊరంతా మైదానంలో ఉంది. సుంకమ్మ గుడిసెలో ఉంది. మేకలు కట్టుగొయ్య దగ్గర ఒకటే అరుపు. మైదానం అవతలి వైపునుంచి హోయని కేక లేచింది. కోటూరోళ్ళ కేక అది. సుంకమ్మ గోడకు చెప్పుకుంది, "పోన్లే నాయనా." కాసేపటికి మళ్ళీ కేక. అదీ కోటూరోళ్ళదే. "పోన్లే నాయనా." మూడోసారీ కేక లేచింది. ఈసారి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

అంతలో వాకిట్లో బూట్ల చప్పుడు. చూస్తే ఓబులేసు! ఒళ్ళంతా ఎర్రమట్టి, మోకాలినుంచి రక్తం. సుంకమ్మ చటుక్కున గోడవైపు తిరిగిపోయింది.

"నా మొగం చూడొద్దు నాయనా! ఆట మధ్యలో ఉండావు. పో, పో!"

"సగం ఆటకు ఆపినారు. మూడు గోల్స్ పోయినాయవ్వా."

"అయ్యో! నేను రాలేదే! ఈడ్నే ఉండానే!"

"అదే నేను చెప్పేది. నువ్వు లేకుండానే పోయినాయి. మొదటిది నా కాళ్ళ సందులోంచి పోయింది. రెండోదానికి నేను ముందే దూకేసినా. మూడోది నేను సరిగా చూడనే లేదు. నీవల్ల ఎట్లా అవుతుందవ్వా?"

సుంకమ్మ గోడవైపే నిలబడింది.

"తిప్పేస్వామి ఇప్పుడు చెప్పినాడు, నిన్ను రావద్దన్నానని" అన్నాడు ఓబులేసు. "నువ్వు మొదట్లో అన్నావు చూడు, నన్ను పక్కన పెట్టినారని. నేను నవ్వినా. కానీ నిజమేనవ్వా. ఆడ నిలబడితే అట్లనే ఉంటుంది. వెనకాల నువ్వుంటేనే ఉండదు. రా అవ్వా. గెలిపించమని కాదు. ఊరికే వచ్చి కూర్చో."

ఆ మాటకు సుంకమ్మ మెల్లగా ఇటు తిరిగింది.

ముందు ఓబులేసు, వెనక సుంకమ్మ, ఆ వెనక మేకలు. వీధిలో మనుషులు ఎదురైనారు. ఆయమ్మ కాళ్ళు వాటంతటవే సందువైపు తిరిగినాయి. ఓబులేసు చెయ్యి పట్టుకొని దారి మధ్యకు లాగినాడు. మళ్ళీ తప్పుకోబోయింది. మళ్ళీ లాగినాడు. మైదానం గేటు దగ్గరికొచ్చేసరికి సూటిగా ఎదురైనాడు తిప్పేస్వామి. ఓబులేసును వెతుక్కుంటా వస్తా ఉండాడు.

సుంకమ్మ ఆగిపోయింది. ఈసారి తప్పుకోవడానికి సందు లేదు.

తిప్పేస్వామి ఆయమ్మను చూసినాడు. ఓబులేసు మోకాలిని చూసినాడు. నేలకేసి చూసినాడు. తర్వాత చెయ్యి చాపినాడు.

"మేకల తాడు ఇట్లియ్యవ్వా. నేను కడతా. నువ్వు పోయి నీ చోట కూర్చో."

ఈల వేసినారు. ఆట మళ్ళీ మొదలైంది. రాచగుట్ట పిల్లోళ్ళు ప్రాణం పెట్టి ఆడినారు. ఒక గోలు కొట్టినారు. ఇంకొకటి కొట్టినారు. ఊరు ఊరంతా లేచి నిలబడింది. ఓబులేసు పైకి వచ్చిన బంతిని పట్టినాడు, కిందికి వచ్చిన బంతిని పట్టినాడు. ఇక ముగిసిపోతుందనగా ఒక బంతి మూలకు వచ్చింది. దూకినాడు. వేళ్ళకు తగిలింది కానీ ఆగలేదు. దొర్లుకుంటా తుమ్మచెట్ల దాకా పోయింది.

అందరి కళ్ళూ గోలు వైపే. సుంకమ్మ లేచింది. కంపల్లోంచి బంతి తీసింది, కొంగుతో తుడిచింది. నోరు తెరవబోయింది. అంతలో మైదానం నడిమధ్యనుంచి తిప్పేస్వామి గొంతు చించుకొని అరిచినాడు.

"పోన్లే ఓబులేసూ! పోయిన బంతి వచ్చింది కదా!"

ఓడిపోయినారు. కప్పు కోటూరోళ్ళు పట్టుకుపోయినారు. ఓడినా సుంకమ్మవైపు ఒక్కడూ వేలు చూపలేదు. టీమంతా పోయి గోలు వెనకాల కూలబడి, ఆయమ్మ కొంగున ముడేసుకున్న చెనిక్కాయలు, అదే వేరుశెనక్కాయలు, ఒలుచుకు తిన్నారు. తిప్పేస్వామి పొట్టు ఊదుకుంటా, "ఓడింది మా కాళ్ళవల్లేనవ్వా" అన్నాడు. సుంకమ్మ వాడి తల నిమిరింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, చేలల్లో చెనిక్కాయ పీకే దినాల్లో సుంకమ్మ కన్నుమూసింది. టీమే పాడె మోసింది. ఓబులేసుకు అందరూ చెప్పినారు, ఆ మాట నువ్వే అనాలని. "పోన్లే" అన్నాడు. అంతకుమించి అనలేకపోయినాడు. పోయిన మనిషి రాదు కదా.

రాచగుట్టలో ఇప్పటికీ ఆ గోలుకు వల కట్టరు. ఇప్పుడు కట్టుకోలేక కాదు. వల కడితే బంతి ఆడ్నే ఆగిపోతుంది, తెచ్చిచ్చే మనిషి అక్కర్లేకుండా పోతుందని. ఎవరు గోలు వదిలినా, పరాయి ఊరి పిల్లోడైనా సరే, మైదానమంతా ఒక్క గొంతుతో "పోన్లే నాయనా, పోయిన బంతి వచ్చింది కదా" అంటుంది.

ఇంకొకటి కూడా ఉంది. ఆట రోజు టీము బయల్దేరి గేటు దగ్గర ఆగుతుంది. రిఫరీ ఈల వేసినా కదలరు, అవతలి టీము కేకలేసినా కదలరు. వీధి చివర్నుంచి మొగుడు పోయిన ముసలమ్మ ఎవరో ఒకరు రావాల. ఉతికిన చీర కట్టుకొని, గోడవైపు తిరక్కుండా, దారి మధ్యన నడుచుకుంటా ఎదురు రావాల. ఆయమ్మ వచ్చినాకే కెప్టెన్ దండం పెట్టి అంటాడు, "రా అవ్వా, నీ చోట కూర్చో, ఇంక ఆడతాం" అని.