కోమలి తల దువ్విన రోజు

భాగీరథమ్మ గారిని ప్రశ్న అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. బందరులో ఆవిడ దగ్గర నాట్యం నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అడిగిన మాట పూర్తిగా వినేవారు, తల ఊపేవారు, చేతిలో పని చేసుకుంటూ పోయేవారు. ఆ తర్వాత ఎప్పుడో, అడిగినవాళ్ళకి ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పనిలో జవాబు దొరికితే దొరికినట్టు. దొరకనివాళ్ళని ఆవిడ ఎన్నడూ నిలదీయలేదు.

ఆవిడ శిష్యురాళ్ళలో వకుళ ఒకతె. పసితనంలోనే వచ్చి చేరింది. మధ్యలో చదువుకోసం విజయవాడ వెళ్ళి, అది ముగించుకుని తిరిగి వచ్చింది. ఇప్పుడు చిన్నపిల్లల పాఠాలు తనే చూస్తోంది. అడుగు గట్టిది, అభినయం అంతకంటే గట్టిది. నాట్యంలో ఆ అమ్మాయికి వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఆమె బాధ తలమీద ఉండేది. పుట్టుకతో వచ్చిన ఉంగరాల జుట్టు. పొడిగా దువ్వితే గుబురుగా లేచి నిలబడేది. బడిలో తోటిపిల్లలు కొబ్బరిపీచు అని పేరు పెట్టారు. పెళ్ళిళ్ళకి వెళితే చుట్టాలు, పిల్ల పక్కనే నిలబడి ఉండగానే, "దీని జుట్టుకి ఏమైనా చేయించకూడదటే?" అని తల్లిని అడిగేవారు. ఆ తల్లి ఏదో తప్పు చేసి దొరికినట్టు నవ్వేది. వకుళకి ఆ మాటకంటే ఆ నవ్వు ఎక్కువ గుర్తుండిపోయింది. కాలేజీలో చేరగానే జుట్టు సాపుచేసే స్ట్రెయిట్నర్ కొనుక్కుంది. అప్పటినుంచి ఆమె జుట్టు దాని తీరున ఎవరి కంటా పడలేదు. రోజూ పొద్దున్నే గది తలుపు వేసుకుని, పాయ పాయగా తీసి, ఆ వేడి పలకల మధ్య నొక్కి లాగేది. గదిలో కమురు వాసన వేసేది. బందరు ఉప్పుగాలికి సాయంత్రానికల్లా జుట్టు మళ్ళీ వంకీలు తిరగబోయేది, ఆమె మళ్ళీ కాల్చేది. కొన్నాళ్ళకి కణతల దగ్గర జుట్టు పల్చబడింది. నాట్యానికి తలసామాను నగలు పెట్టుకుంటే పిన్నులకి పట్టు చిక్కడం లేదు.

ఒకనాడు భాగీరథమ్మ గారు అరుగుమీద కూర్చుని, ఊడిన గజ్జెలని తాడుకి కుడుతూ ఉండగా వకుళ వచ్చి ఎదురుగా కూర్చుంది. విజయవాడలో మందు పెట్టి జుట్టు పూర్తిగా సాపు చేస్తారట, ఇక రోజూ కాల్చుకునే పని ఉండదట, చేయించుకుంటానని చెప్పింది. ఆవిడ ఇంకో గజ్జె అందుకున్నారు. అది వకుళకి గుచ్చుకుంది.

"వద్దంటారని తెలుసు అమ్మగారూ. కానీ ఒక్కటి చెప్పండి. ముఖానికి రంగు వేసుకుంటాం. లేని జడకి సవరం పెట్టుకుంటాం. ఉన్నది దాచి లేనిది చూపించడమే కదా మన పని. అందులో తప్పులేనప్పుడు, నా జుట్టు నేను దాచుకుంటే తప్పేమిటి? దానివల్ల ఎవరికి నష్టం?"

భాగీరథమ్మ గారు తల ఊపారు. సూది చివర దారం పళ్ళతో తెంపారు. "ఆదివారం పొద్దున్న స్కూల్లో మన ప్రోగ్రాం ఉంది కదా. కోమలి వాళ్ళమ్మకి ఆసుపత్రిలో డ్యూటీ పడిందట. ఆ పిల్లకి జడ నువ్వు వేయి" అన్నారు.

కోమలి రెండో తరగతి పిల్ల. తల్లి నర్సు. ఆ సంవత్సరమే నాట్యంలో చేరింది. ఆ రోజే మొదటిసారి వేదిక ఎక్కడం. దాని జుట్టు కూడా అచ్చం వకుళ చిన్ననాటి జుట్టే, వేలు పెడితే చుట్టుకునే ఉంగరాలు. క్లాసులో వకుళ ఆ పిల్ల అడుగులు దిద్దేది కానీ, తలవైపు ఎప్పుడూ ఎక్కువసేపు చూసేది కాదు.

ఆదివారం స్కూల్లో ఒక తరగతిగదిని ముస్తాబు గదిగా ఇచ్చారు. బెంచీల మీద చీరలు, నగలపెట్టెలు, పూలపొట్లాలు. పిల్లల తల్లులు గుంపుగా కూర్చుని తలా ఒక పిల్లని ముందుంచుకుని అలంకరిస్తున్నారు. వకుళ కూడా కోమలిని తన ముందు కూర్చోబెట్టుకుంది.

ఆ జుట్టుని ఎలా దువ్వాలో వకుళకి తెలుసు. చిన్నప్పుడు భాగీరథమ్మ గారే తనని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దువ్వేవారు. ముందు నీళ్ళు చిలకరించి తడి చేసేవారు. అరచేతిలో నూనె పామి కొసలకి పట్టించేవారు. వేళ్ళతో చిక్కు విడదీసి, ఆ తర్వాత పెద్ద పళ్ళ దువ్వెనతో కొసలనుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వచ్చేవారు. నొప్పి తెలిసేది కాదు. ఆ దువ్వెన లాంటిదే ఒకటి, చిన్న నూనె సీసా వకుళ సంచిలో ఉన్నాయి. నీళ్ళ సీసా పక్కనే ఉంది. కానీ చుట్టూ అంతమంది తల్లులు. ఉంగరాల జుట్టు ఉన్నవాళ్ళకి తప్ప దాని గురించి అంత ఎవరికి తెలుస్తుంది? ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఆమె చెయ్యి సంచిలోకి వెళ్ళి వెనక్కి వచ్చింది. బెంచీమీద ఎవరిదో సన్నపళ్ళ దువ్వెన పడి ఉంటే అది తీసుకుని, పొడి జుట్టులో నడినెత్తిన గుచ్చి కిందికి లాగింది.

కోమలి తల దువ్వెనతో పాటు వెనక్కి వచ్చింది. పిల్ల అరవలేదు. రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుంది.

రెండోసారి లాగినప్పుడు దువ్వెన పన్ను విరిగింది. పక్కనున్న ఒకావిడ అది చూసి, "అమ్మో, ఇదేం జుట్టండీ! దీనికి దువ్వెన కాదు, రంపం కావాలి" అంది. మిగతావాళ్ళు నవ్వారు.

వకుళ కూడా నవ్వింది. నవ్వి ఊరుకుంటే సరిపోయేది. "ఇంట్లో నూనె కూడా రాయరేమోనండీ. గడ్డిలా వదిలేశారు" అంది.

మళ్ళీ దువ్వింది. జుట్టు తెగి దువ్వెనకి చుట్టుకుంటోంది. నుదుటి దగ్గర వంకీలు లొంగకపోతే, చర్మం బిగుసుకునేలా వెనక్కి గుంజి పిన్ను గుచ్చింది. అప్పుడు కోమలి, తల తిప్పకుండా, ఎదురుగా ఉన్న నల్లబల్లని చూస్తూ చిన్నగా అంది.

"సారీ వకుళక్కా. నా జుట్టు మంచిది కాదు. అక్కకి చేతులు నొప్పి పుడతాయి, ఏడవకూడదు అని అమ్మ చెప్పింది."

వకుళ ఇంకో పిన్ను అందుకుంది. ఆ పిల్ల ఇంకొక మాట అడిగింది.

"పెద్దయ్యాక నాకు కూడా నీలాంటి జుట్టు వస్తుందా అక్కా?"

ఆ ప్రశ్న పక్కవాళ్ళకి కూడా వినిపించింది. రంపం మాట అన్నావిడ వకుళ జడవైపు చూసి, "అక్కది పట్టులా ఉంది కదూ" అంది. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"ఆ, వస్తుంది" అంది వకుళ.

కోమలి ముఖం విప్పారింది. ఆ తర్వాత జడ పూర్తయ్యేదాకా ఆ పిల్ల కదల్లేదు, ఎంత లాగినా.

ప్రోగ్రాం మొదలైంది. పిల్లల అంశం ముందు. కోమలి ఒక్క అడుగు కూడా తప్పకుండా ఆడి, చప్పట్లు కొడుతుంటే కంగారుపడి నమస్కారం మరిచిపోయి, మళ్ళీ పరుగెత్తుకెళ్ళి పెట్టి వచ్చింది. ఆ తర్వాత వకుళ వంతు. హాల్లో కరెంటు పోయింది. జనరేటరు మీద మైకూ లైట్లూ నడిచాయి కానీ ఫ్యాన్లు తిరగలేదు. ఉక్కపోతకి చెమట ధారలు కట్టింది. ఆమె ఆడుతున్నది ఒక చెలికత్తె తన నాయిక అందాన్ని నాయకుడికి వర్ణించి చెప్పే పాట. అందులో నాయిక ముంగురుల ప్రస్తావన వస్తుంది. అక్కడ వకుళ చూపుడువేలిని నుదుటి పక్కన ఉంగరంలా తిప్పి, ఆ ముంగురులు గాలికి కదిలినట్టు చూపించాలి. ఎన్నోసార్లు చేసిన అభినయమే. వేలు నుదుటి దగ్గరికి తీసుకువెళ్ళినప్పుడు వేలికి జుట్టు తగిలింది. చెమటకి తడిసి, కణత దగ్గర పాయలు అప్పటికే వంకీలు తిరిగిపోయాయి. ఆమె చేత్తో చూపిస్తున్నది ఆమె ముఖంమీదే ఉంది.

పక్క తెర దగ్గర కూర్చుని కోమలి చూస్తోంది.

పాట అయిపోయి వకుళ లోపలికి వచ్చి తలసామాను తీసి, జడ వదులు చేసుకుంటుంటే ఆ పిల్ల వచ్చి ఎదురుగా నిలబడింది. పైకి లేచిన ఆ వంకీలని చాలాసేపు చూసింది. దాని కళ్ళలో ఎగతాళి లేదు, కోపం లేదు. తనకి తెలిసిన కష్టం ఇంకొకరికి కూడా ఉందని చూసినప్పుడు వచ్చే జాలి ఉంది.

"నీకు కూడా రాలేదా అక్కా?" అంది. ఆ తర్వాత వకుళ చెయ్యి పట్టుకుని, "పోనీలే అక్కా. ఎవరికీ చెప్పనులే" అంది.

వకుళ అక్కడే బెంచీమీద కూర్చుంది. వేదికమీద అడుగు మరిచిపోయినప్పుడు పడే సిగ్గు ఆమెకి తెలుసు. చుట్టాల ముందు తల దించుకున్న సిగ్గూ తెలుసు. ఇది ఆ రెండూ కాదు. తను ఎవరికి అబద్ధం చెప్పిందో ఆ పిల్లే తన రహస్యం కాపాడతానంటోంది. గదిలో తల్లులు నగలు సర్దుకుంటూ ఇటే చూస్తున్నారు.

"రాకపోవడం కాదమ్మా" అంది, అందరికీ వినిపించేలా. "నాది పుట్టుకతో నీ జుట్టే. రోజూ కాల్చి సాపు చేసుకుంటాను. పెద్దయితే మారదు. ఇందాక నీకు అబద్ధం చెప్పాను. నీ జుట్టు మంచిదే. నేనే మంచిగా దువ్వలేదు."

రంపం మాట అన్నావిడ ముఖం పక్కకి తిప్పుకుంది. ఇంకెవరో, "అయ్యో, చిన్నపిల్లతో అంత మాటలెందుకమ్మా" అన్నారు. చెప్పేస్తే తేలికవుతుందనుకుంది వకుళ. కాలేదు.

కోమలిని కూర్చోమంది. జడ విప్పడానికి చెయ్యి తలదాకా తీసుకువెళ్ళిందో లేదో, పిల్ల రెండు చేతులూ మళ్ళీ బెంచీ అంచుని బిగించి పట్టుకున్నాయి. వకుళ అది చూసింది. చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత నీళ్ళ సీసా తీసి అరచేతిలో పోసుకుని, ముందు ఆ పిల్ల అరచేతిని కొంచెం తడిపింది, చల్లగా ఉందో లేదో చూడమని. కోమలి తల ఊపాక జుట్టు తడిపింది. నుదుటి దగ్గర పిన్ను తీస్తే అక్కడ ఎర్రగా కమిలి ఉంది. నూనె రాసింది. సంచిలోంచి పెద్ద పళ్ళ దువ్వెన తీసి, కొసలనుంచి మొదలుపెట్టింది. కొంతసేపటికి పిల్ల చేతులు బెంచీని వదిలి ఒళ్ళోకి వచ్చాయి. ఉంగరాలు ఒక్కొక్కటే విడివడి, మెరుస్తూ భుజాలమీద పడ్డాయి.

"నొప్పి పుట్టడం లేదు" అంది కోమలి ఆశ్చర్యంగా. "ఇలా దువ్వడం నీకు ముందే వచ్చా అక్కా?"

"వచ్చు."

"మరి ఇందాక ఎందుకు అలా దువ్వావు?"

వకుళ ఇంకో పాయ అందుకుంది. కొసనుంచి జాగ్రత్తగా దువ్వింది.

డ్యూటీ అయ్యాక తల్లి వచ్చి కోమలిని తీసుకువెళ్ళింది. అప్పటిదాకా పాటవాళ్ళతో హాల్లోనే ఉండిపోయిన భాగీరథమ్మ గారు గదిలోకి వచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు. వకుళ ఒక్కతే నేలమీద కూర్చుని విరిగిన దువ్వెనలోంచి తెగిన వెంట్రుకలు ఏరుతోంది. గురువుగారికి జరిగినదంతా చెప్పింది. సంచిలో దువ్వెన ఉండి కూడా తీయలేదని చెప్పింది. తల్లిమీద వేసిన నిందని చెప్పింది, నవ్వానని చెప్పింది. ఏదీ తగ్గించి చెప్పలేదు. తన ప్రశ్న సంగతి మాత్రం ఎత్తలేదు.

భాగీరథమ్మ గారు పూర్తిగా విన్నారు. బెంచీమీద మిగిలిన నగలని పెట్టెలో సర్దసాగారు.

"చిన్నపిల్ల కదా అమ్మగారూ" అంది వకుళ చివరికి, కళ్ళు పైకెత్తకుండా. "తర్వాత మంచిగా దువ్వాను కదా. ముందు జరిగింది మరిచిపోతుందేమో కదా?"

ఆవిడ పెట్టె మూత వేశారు.

"ఇంట్లో దానికో చెల్లెలుందమ్మా" అన్నారు. "ఆ పిల్లదీ ఇదే జుట్టు. వాళ్ళమ్మకి డ్యూటీ ఉన్న రోజు దాని తల దువ్వేది కోమలే."